బంగళాతోపాటు అక్క

ఫిబ్రవరి 4

తమ్ముడికి,

ఆశీస్సులు. అవి ఊరికే వస్తాయి కాబట్టి ముందే ఇచ్చేస్తున్నాను. ఫోన్ చేస్తే "సిగ్నల్ సరిగ్గా లేదక్కా" అని పెట్టేస్తున్నావు. కాగితానికి సిగ్నల్ అక్కర్లేదు కాబట్టి ఇలా రాస్తున్నాను.

బంగళా కొంటామని మొన్న ఒక మొగుడూ పెళ్ళాం వచ్చారు. ఆయన తెల్లబూట్లు వేసుకొచ్చాడు. గొడ్లపాక పక్కనుంచి పొలంలోకి దిగాల్సిన చోటికి తెల్లబూట్లేమిటో నాకైతే అర్థం కాలేదు. వేళ్ళ కణుపులతో ప్రతి గోడనీ కొట్టి, చెవి ఆనించి, తల ఊపుతూ, పుచ్చకాయలు కొనడానికి వచ్చినవాడిలా ఇల్లంతా తిరిగాడు. ఆవిడ ఇంకో రకం. భగవంతుడు ఆవిడకి ముక్కు ఇచ్చాక మిగతావి ఏదో మొక్కుబడిగా పెట్టి పంపినట్టున్నాడు. దుప్పటి ఎత్తి వాసన చూస్తుంది. తువ్వాలు వాసన చూస్తుంది. మంచినీళ్ళ కూజా మూత తీసి వాసన చూస్తుంది. చివరికి నావైపు వంగేసరికి నన్ను కూడా చూస్తుందేమోనని వెనక్కి జరిగాను. ఆవిడకి వాసనావిడ అని పేరు పెట్టేశాను. వంటాయన కూడా ఇప్పుడు అలాగే అంటున్నాడు.

ఎవరైతేనేం, కొంటామంటున్నారు. ఇల్లూ కావాలట, పొలమూ కావాలట, విడివిడిగా వద్దట. వద్దనక ఏం చేస్తారు? నాన్న మనకి పంచిపెట్టిన తెలివి అలాంటిది. ఇల్లు నాకు, పొలం నీకు. పొలానికి దారి నా వంటింటి పెరట్లోంచి, ఇంటికి నీళ్ళు నీ పొలంలో బావిలోంచి. అలా ముడేస్తే పిల్లలు విడిపోరని ఆయన నమ్మకం. నువ్వు నగరానికి పోయి కాలేజీలో చరిత్ర చెప్పుకుంటున్నావు, నేను బావి మోటారు పక్కన మిగిలాను. ముడి మాత్రం గట్టిగానే ఉంది.

సూటిగా చెప్తాను. నాకు యాభై ఎనిమిది. మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది, మెట్లు ఎక్కొద్దన్నాడు డాక్టరు. ఈ ఇంట్లో మెట్లు తప్ప ఏమున్నాయి? మేడ మీద అద్దెకిచ్చే అతిథుల గదులు, గుర్రాల సావిడి మీద అతిథుల గదులు. వాళ్ళకి పొద్దున వేడినీళ్ళు, మధ్యాహ్నం మంచు ముక్కలు, సాయంత్రం దోమల మందు, అన్నీ పైకే. పిన్ని కూతురు వాళ్ళ వీధిలో కింది వాటా ఒకటి అమ్మకానికి ఉంది. రెండు గదులు, గడప దాటితే వీధి, ఒక్క మెట్టు లేదు. మార్చి నెలాఖరు దాకా నాకోసం ఆపించింది. ఇల్లమ్మి అది కొనుక్కుని, ఎవరికీ వేడినీళ్ళు మోయకుండా బతకాలని ఉంది. నాకు కావలసింది అదొక్కటే. దానికి అడ్డం నీ సంతకం ఒక్కటే.

ఈ నెలాఖరుకి వాళ్ళు మాట ఖాయం చేసుకోవడానికి మళ్ళీ వస్తారు. ఆ వేళకి నువ్వు రా. మరదలికి దుమ్ము పడదు కాబట్టి ఆమెని శ్రమ పెట్టకు.

ఇట్లు,
మెట్ల మీద కూర్చుని రాస్తున్న
అక్క


ఫిబ్రవరి 11

అక్కకి నమస్కారం.

నీ ఉత్తరం పరీక్ష హాల్లో చదివాను. చదివాక చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాను. ఈలోగా వెనక బెంచీలన్నీ కాపీ కొట్టేశాయి. అయినా వాళ్ళని ఏమీ అనలేదు, అంత బాధపడ్డాను.

తెల్లబూట్లవాడికా మన బంగళా? వాడి ముత్తాత ఎవరో వాడికి తెలుసా? అలాంటివాళ్ళని నేను చూడలేదనుకున్నావా? ధాన్యపు కొట్టు పడగొట్టి ఈతకొలను తవ్విస్తాడు. గుర్రాల సావిడికి గులాబీరంగు వేస్తాడు. ఒకటో నంబరు గదిలో గవర్నరు పడుకున్న మంచం మీద వాడి మనవలు గెంతుతారు. డబ్బు ఎవడికైనా వస్తుందక్కా, వంశం రాదు. నేను బంగళా చరిత్ర రాస్తున్నానని నీకు చెప్పానో లేదో. మూడో అధ్యాయంలో ఉన్నాను. నాలుగో అధ్యాయానికి బంగళా చేతులు మారితే నేనేం రాయాలి?

నీకు ఈ ఆలోచన నీ అంతట నీకు వచ్చిందంటే నమ్మను. ఎవడో బ్రోకరు చెవిలో ఊది ఉంటాడు. పల్లెటూళ్ళో ఒంటరిగా ఉంటే ఎవరి మాటైనా నిజమే అనిపిస్తుంది. మోకాళ్ళ సంగతి అంటావా, అవి వయసొచ్చిన అందరికీ ఉన్నవే. మా కాలేజీ అటెండరు ఏదో నూనె రాసుకుని లేడిపిల్లలా తిరుగుతున్నాడు. ఒక సీసా పంపుతున్నాను. పనిమనిషిని కూడా పెట్టుకో. నువ్వు కాస్త నోరు తగ్గించుకుంటే నిలుస్తారు.

అమ్మడమే తప్పదంటే దానికీ ఒక పద్ధతి ఉంది. నాకు తెలిసిన ఒక పెద్దమనిషిని నెలాఖరుకి పంపుతున్నాను. పాత కట్టడాల విలువ తెలిసినవాడు, కలిగినవాడు. ఆయనకి ఒకటో నంబరు గది ఇవ్వు. ధర సంగతి మాత్రం ఎత్తకు, ఆయన స్థాయివాళ్ళకి అది నామోషీ. నాకు పరీక్షల డ్యూటీ, రాలేను.

ఇట్లు,
మన ఇంటి మర్యాద గుర్తున్న ఏకైక వ్యక్తి,
నీ తమ్ముడు


ఫిబ్రవరి 17

తమ్ముడికి,

నూనె సీసా చేరింది. దారిలో మూత ఊడి సగం పార్సిల్ అట్టపెట్టే తాగేసింది. మిగిలింది తలుపుల బందులకి రాశాను. కిర్రుమనడం మానేశాయి. నీ అటెండరుకి నా ధన్యవాదాలు చెప్పు.

గవర్నరు గురించి మూడో అధ్యాయంలో ఏం రాశావో కానీ, నానమ్మ చెప్పింది నీకు గుర్తున్నట్టు లేదు. ఆయన ఆ మంచం మీద పడుకున్నదెప్పుడు? ఉన్న రెండు రోజులూ కడుపు పట్టుకుని పెరటి దొడ్డికీ గదికీ మధ్య పరుగులే. మూడోనాడు ఇద్దరు పట్టుకుని బండెక్కించారు. పోతూ పోతూ మన నీళ్ళని తిట్టి పోయాడట. అది కూడా రాయి, చదివేవాళ్ళకి హుషారుగా ఉంటుంది. "మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అన్నట్టుంది నీ పుస్తకం. ఆ వాసన చూడ్డానికి ఒకావిడ ఇప్పటికే వచ్చి వెళ్ళింది కదా.

ఈ వారం అతిథుల భాగోతం విను. పల్లె ప్రశాంతత కోసం వచ్చామన్నారు ఒక కుటుంబంవాళ్ళు. తెల్లారి కోడి కూసింది. కోడి యజమానిని పిలవమన్నారు. వెళ్ళి నించున్నాను. రేపటినుంచి ఎనిమిదింటికి కూసేలా ఏదైనా చేయగలరా అని అడిగారు. చదువుకున్నవాళ్ళే. ఆయన ఏదో కంపెనీలో వందమందికి పైన ఉన్నాడట. ఆ వందమంది పాపం ఏం చేసుకున్నారో.

ఇక అసలు విషయం. ధర ఎత్తొద్దని రాశావు చూడు, అక్కడ దొరికావు. నీకు వంశమూ కాదు, గవర్నరూ కాదు. తెల్లబూట్లాయన ఇచ్చేది చాలదు, అంతే కదా? ఆ ముక్క చెప్పడానికి మూడు అధ్యాయాలు ఎందుకు? ఎవర్నో కలిగినవాణ్ణి పట్టుకుని పొలానికి ఎక్కువ లాగుదామని చూస్తున్నావు. లాగు. కానీ పిన్ని కూతురు ఆపించింది మార్చి నెలాఖరు దాకానే. నువ్వు అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్న రకం. నువ్వు ఇక్కడికొచ్చి ఉండవు, నన్ను బయటికి పోనివ్వవు.

నీ పెద్దమనిషిని పంపు. గది తుడిపించి ఉంచుతాను. నోరు కూడా తగ్గించి ఉంచుతాను.

అక్క


ఫిబ్రవరి 28

తమ్ముడికి,

ఆశీస్సులు ఈసారి లేవు.

నీ పెద్దమనిషి వచ్చాడు. పొడుగు కోటు, వెండి పిడి చేతికర్ర, మెడలో శాలువా. టాక్సీ దిగి బంగళాని చూసి కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చాడు. నిజం చెప్పొద్దూ, నాకే కాస్త గౌరవం కలిగింది. మెట్ల దాకా ఎదురెళ్ళి ఒకటో నంబరు గది చూపించాను.

ఆ గది తలుపు సంగతి నీకు తెలుసు. గడియ తీసినా రాదు. కొంచెం పైకెత్తి, ఎడమ తుంటితో ఒక్క పోటు పొడిస్తేనే వస్తుంది. వచ్చిన ప్రతి అతిథీ మొదటిరోజు దాని ముందు నించుని కేకలేస్తాడు. నీ పెద్దమనిషి నేను నోరు తెరిచేలోపు చేతికర్ర చంకలో పెట్టి, తలుపు ఎత్తి, ఎడమ తుంటితో పొడిచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ తలుపుని అలా తీసేవాళ్ళు ఈ లోకంలో ఇద్దరే. ఒకత్తి నేను, రెండోవాడు నువ్వు. కొత్తచోట ఆయన ఇబ్బంది పడకూడదని ముందే నేర్పించి పంపావు. అబద్ధం ఆడేటప్పుడు కూడా అతిథి మర్యాద మర్చిపోలేదు, మన ఇంటి పెంపకం అలాంటిది.

అప్పుడే గెంటేయాల్సింది. ఎంతదాకా పోతాడో చూద్దామని ఊరుకున్నాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

మర్నాడు పొద్దున తెల్లబూట్లాయనా వాసనావిడా వచ్చారు. బయానా మాట్లాడుకోవడానికి లాయర్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. అందరికీ ఒకే బల్ల మీద రొట్టె, గుడ్లు పెట్టాను. నీవాడు గుడ్డు పగలగొడుతూ మెల్లగా మొదలుపెట్టాడు. తనూ కొందామనే వచ్చాడట, కానీ మనసు విరిగిపోయిందట. బావి వేసవిలో ఎండిపోతుందట. దూలాలు చెదలు తినేసి పైన సున్నం మాత్రం ఆగిందట. అన్నిటికంటే ముఖ్యం, అక్కాతమ్ముళ్ళ మధ్య తగాదా ఉందట, కొన్నవాడు కోర్టు మెట్లు ఎక్కుతూనే ఉండాలట. చెప్పి ఒక నిట్టూర్పు విడిచాడు. ఎంత బాగా విడిచాడంటే లాయరు బ్యాగు మూసేశాడు. తెల్లబూట్లాయన సగం రొట్టె వదిలి లేచాడు. వాసనావిడ మాత్రం నావైపే చూస్తూ కూర్చుంది. ఓడిపోయినదాన్ని చూడ్డం కొందరికి సరదా. భోజనం వేళకి ముందే వెళ్ళిపోయారు.

వాళ్ళ కారు గేటు దాటాక నీవాడి దగ్గరికి వెళ్ళాను.

"మాస్టారూ, మీరు కాలేజీలో ఏం చెప్తారు?" అని అడిగాను.

"చెప్పేది లెక్కలండీ. నాటకాలు కూడా వేయిస్తాను," అన్నాడు తల దించుకుని. "మీవాడు ఇది మీ మంచికే అన్నాడు."

చెవులు ఎర్రబడ్డాయి పాపం, ఆయనకి. నీకు ఎర్రబడవని నాకు తెలుసు. ఇంకో గుడ్డు తినమన్నాను, తిన్నాడు. కోటు అద్దెదట, సాయంత్రానికల్లా తిరిగివ్వాలని బస్సెక్కాడు.

కింది వాటాకి ఇంకా నెల గడువుంది. ఈ నెలలో ఇంకో కొనేవాణ్ణి ఎక్కణ్ణుంచి తేను? నాకు ఏడుపు రాలేదు. అసహ్యం వేసింది. నాతో నేరుగా "అమ్మను" అని ఒక్క మాట చెప్పే దమ్ము లేక లెక్కల మాస్టారికి కోటు తొడిగి పంపావు.

అక్క


మార్చి 6

అక్కకి,

అవును, పంపాను. చేసిన పనికి సిగ్గుపడట్లేదు. ఇల్లు తగలబడుతుంటే నీళ్ళు ఏ బిందెతో తెచ్చావని ఎవరూ అడగరు.

కానీ నువ్వు నన్ను డబ్బు మనిషినన్నావు. అది మాత్రం గుచ్చుకుంది. ధర ఎంతని నిన్ను ఒక్కసారైనా అడిగానా? తెల్లబూట్లవాడు ఎంతిస్తానన్నాడో నాకు ఇప్పటికీ తెలీదు, తెలుసుకోవాలనీ లేదు. ఎన్నేళ్ళైనా నన్ను నువ్వు అర్థం చేసుకోలేదు. అర్థం చేసుకోవాలంటే కొంచెం చదువు ఉండాలి, అది నీ తప్పు కాదులే.

ఇక దాచి లాభం లేదు కాబట్టి చెప్తున్నాను. వచ్చే ఏడాది రిటైరవుతాను. అయ్యాక ఇక్కడ ఒక్కరోజు ఉండను. ఈ నగరంలో ఎన్ని అద్దె ఇళ్ళు మారానో నీకు తెలుసా? ప్రతి ఇంటాయనా గోడకి మేకు కొట్టొద్దన్నవాడే. నాన్న ఫోటో ఇన్నేళ్ళూ కుర్చీ మీదే ఉంది. స్టాఫ్ రూములో ఒక్కొక్కడూ తన ఫ్లాటు గురించి, కారు గురించి చెప్తుంటే నేను బంగళా గురించి చెప్పేవాణ్ణి. అది తప్ప చెప్పుకోవడానికి నా దగ్గర ఇంకేం ఉందక్కా? అందరూ దాన్ని నమ్మారు. ఒక్కోసారి నాకే అనిపించేది, నేను అక్కడే ఉంటున్నానని, ఇక్కడికి పని మీద వచ్చానని.

అంతా ఆలోచించి పెట్టుకున్నాను. మేడ మీద తూర్పు గది నాది. ధాన్యపు కొట్టులో పుస్తకాలు. పొద్దున అరుగు మీద టీ, పదింటికి రాసుకోవడం, సాయంత్రం పొలం గట్ల మీద నడక. నీ మరదలు దుమ్మంటుంది కానీ అలవాటు పడుతుంది. వంట, నీళ్ళు, అతిథుల సంగతి గురించి నేను ఆలోచించలేదు, నువ్వెలాగూ ఉంటావు కదా.

కాబట్టి ఇక ఈ అమ్మకం మాట వదిలేయ్. కింది వాటాలో కాలు చాపితే గోడ తగులుతుంది. నీలాంటిదానికి అది సరిపోదు.

నీ తమ్ముడు


మార్చి 13

తమ్ముడికి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ ఒకే చోట ఆగాను. "నువ్వెలాగూ ఉంటావు కదా."

నిన్ను డబ్బు మనిషివన్నందుకు క్షమించు. నువ్వు డబ్బు మనిషివైతే బాగుండేది. ఆశపోతుతో బేరమాడొచ్చు. ఏదో ఒక అంకె దగ్గర దారికొస్తాడు. నీతో ఏం బేరం? బావి ఉంది, సావిడి ఉంది, కొట్టు ఉంది, అక్క ఉంది. నన్ను కూడా నాన్న నీకే పంచి ఇచ్చాడనుకున్నావు. నేను ముసలిదాన్నవుతానని, అలిసిపోతానని, నాకంటూ ఒక మంచం ఒక కిటికీ కావాలనిపిస్తుందని నీకు ఏ అధ్యాయంలోనూ తట్టలేదు. కోపం కూడా రావట్లేదురా. కోపం రావాలంటే ఎదుటివాడు మనిషిలా కనపడాలి.

మేకు సంగతి చదివి మాత్రం జాలేసింది. ఆ ముక్క దాచిపెట్టకుండా ఎప్పుడో రాసి ఉంటే మనం వేరేలా మాట్లాడుకునేవాళ్ళం.

పోయిన సోమవారం వాసనావిడ మళ్ళీ వచ్చింది. ఒక్కత్తే, బస్సులో. మర్చిపోయిన గొడుగు కోసం అనుకున్నాను. తిన్నగా దుప్పట్లు ఆరేసిన తీగ దగ్గరికి వెళ్ళి, ఒక కొస పట్టుకుని వాసన చూసింది. ఇక ఊరుకోలేక ఏమిటీ పిచ్చి అని అడిగేశాను.

"ఇల్లు మాకొద్దండీ. చెదలున్నాయని మీ కోటాయన చెప్పకముందే మావారికి తెలుసు, బేరం తగ్గిద్దామని గోడలు కొట్టారు," అంది. "మాకు టౌన్లో లాడ్జీ ఉంది. ఇరవై ఏళ్ళలో ఆరుగురు మేనేజర్లని మార్చాను. ఒక్కరి చేతిలోనూ దుప్పటికి ఎండ వాసన రాలేదు. మీరొస్తారా?"

టౌన్లో స్టేషన్ ఎదురుగా లాడ్జీ. లిఫ్టు ఉంది. నా పని కౌంటర్ దగ్గర కుర్చీలో కూర్చుని పైవాళ్ళని కేకలేయడం. ఉండటానికి కిందనే ఒక గది, దానికి కిటికీ, కిటికీకి ఎదురుగా గోడ కాదు, వీధి. ఆరోజు బల్ల దగ్గర ఆవిడ నన్నే ఎందుకు చూస్తూ కూర్చుందో అప్పుడు తెలిసింది. నేనేదో వెటకారం అనుకున్నాను. నెలన్నరగా ఆ మనిషిని ఎన్ని మాటలన్నానో నీకు రాసిన ఉత్తరాల్లోనే ఉన్నాయి.

ఇల్లు అమ్ముడుపోలేదు తమ్ముడూ. నేనే అమ్ముడుపోయాను.

కింది వాటా వదులుకున్నాను, పిన్ని కూతురికి కబురు పెట్టాను. అది నా సొంతం అయ్యేది, ఈ గది కాదు. ఆ తేడా నాకు తెలుసు, నువ్వు గుర్తు చేయక్కర్లేదు. మార్చి నెలాఖరున వెళ్ళిపోతున్నాను. ఏప్రిల్ అంతా గదులు ముందే ఇచ్చేసి ఉన్నాయి, అతిథులు వస్తారు. తాళాలు వంటాయన దగ్గర ఉంటాయి. లాడ్జీ చిరునామా వెనక రాశాను. ఒకటో నంబరు తలుపు ఎలా తీయాలో నీకు చెప్పక్కర్లేదు.

అక్క


మార్చి 19

అక్కకి,

నీ బెదిరింపు అందింది. చిన్నప్పుడు కూడా ఇలాగే సంచీ సర్దుకుని గేటు దాకా వెళ్ళి అన్నం వేళకి తిరిగొచ్చేదానివి.

లాడ్జీ కౌంటరా? సబ్బుల కంపెనీ సేల్స్‌మన్లకి తాళాలిస్తూ, ఎవడో బక్షీస్ ఇస్తే తీసుకుంటూ, మన ఇంటి ఆడపడుచు! ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట. ఇంట్లో ఇద్దరు పనివాళ్ళని నిలుపుకోలేనిదానివి అక్కడ పదిమంది మీద పెత్తనం చేస్తావా? నువ్వు వెళ్ళవని నాకు తెలుసు, నీకూ తెలుసు. మే నెలలో సెలవులకి వస్తాను, అప్పుడు స్థిమితంగా మాట్లాడుకుందాం.

ఏప్రిల్ అతిథులకి ఒకటో నంబరు గది మాత్రం ఇవ్వకు. పుస్తకానికి ఫోటో తీయించాలి.

నీ తమ్ముడు


ఏప్రిల్ 12
బంగళా నుంచి

అక్కకి,

నువ్వు నిజంగానే వెళ్ళిపోయావు. వంటాయన ఫోన్ చేసి, అతిథులు పెరట్లో పెట్టెల మీద కూర్చున్నారు, ఏం చేయమంటారు అని అడిగితే నేను జోక్ అనుకున్నాను. సెలవు పెట్టి వచ్చాను. నీ మరదలు రాలేదు.

ఈ మనుషులు ఎవరక్కా? వీళ్ళకి తల్లిదండ్రులు ఏం నేర్పారు? ఒకడు గవర్నరు మంచం మీద తడి తువ్వాలు ఆరేశాడు. ఒకావిడ పొద్దున నన్ను నిద్రలేపి ఆవులు ఎందుకు అరుస్తున్నాయని అడిగింది. బంగళా చరిత్ర చెప్తానని అరుగు మీద కూర్చోబెడితే, మొదటి అధ్యాయం అయ్యేలోపు అందరూ ఫోన్లలోకి వెళ్ళిపోయారు. ఒకాయన మాత్రం చివరిదాకా కూర్చున్నాడు, తర్వాత చూస్తే నిద్రపోతున్నాడు. నన్ను "ఏమయ్యా, వేడినీళ్ళు" అంటున్నారు. నేను ఎవరో వీళ్ళకి తెలీదు. చెప్పినా పట్టదు.

మోటారు ఆగిపోయింది. అమ్మగారు దాన్ని తిట్టేవారు, అప్పుడు తిరిగేది అన్నాడు వంటాయన. నాకొచ్చిన తిట్లన్నీ తిట్టాను. రెండు బిందెలతో మేడ మీదికి నీళ్ళు నేనే మోశాను. ఈ ఇంట్లో ఇన్ని మెట్లున్నాయని నాకు తెలీదు. నిన్న దిగుతుంటే ఎడమ మోకాలు కలుక్కుమంది, ఇప్పుడు రెయిలింగ్ పట్టుకుని పక్కవాటుగా దిగుతున్నాను. దూరపు కొండలు నునుపు అని పిల్లలకి ఎన్నిసార్లు చెప్పానో.

తూర్పు గదిలో నాన్న ఫోటోకి మేకు కొట్టాను. గోడలోంచి ఇంత పెళ్ళ రాలి మట్టి కారింది. చెదలు నిజమే.

అమ్మేద్దాం. నువ్వు గెలిచావు. పేపర్లో ప్రకటన వేశాను. నేనే రాశాను, బాగా వచ్చింది: "చారిత్రక బంగళా, అతిథి గదులు, గుర్రాల సావిడి, బావితో సహా సాగుభూమి, అనుభవం గల మేనేజరుతో అమ్మబడును." చూసి ఇద్దరు ముగ్గురు ఫోన్ చేశారు కూడా. మేనేజరు ఉంటుందా అనే అందరూ ముందు అడుగుతున్నారు. ఉంటుందని చెప్పాను.

కాబట్టి ఒక్క రెండు వారాలు రా. కొనేవాళ్ళకి చూపించడం నావల్ల కావట్లేదు. నువ్వు తిరుగుతుంటేనే ఇది ఇల్లులా కనిపిస్తుంది. అమ్ముడుపోయాక నీ ఇష్టం వచ్చిన చోటికి వెళ్ళు, నేను అడ్డం రాను. లాడ్జీవాళ్ళకి నేను ఫోన్ చేసి చెప్తానులే.

నీ తమ్ముడు


ఏప్రిల్ 24

తమ్ముడికి,

నీ ఉత్తరం వారం రోజులు కౌంటర్ మీదే పడి ఉంది. నా మోచేతి కిందే ఉంది, నేనే చూడలేదు. కవరు మీద "అక్కగారికి" అని రాసి లాడ్జీ పేరు రాశావు. ఎవరి అక్కో ఎవరికి తెలుసు? పైన గదుల్లో ఉన్న ఆడవాళ్ళందరికీ చూపించారట. చివరికి దస్తూరీ చూసి నాదేనని తీసుకున్నాను.

సంతకం ఎక్కడ కావాలంటే అక్కడ పెడతాను. లాయర్ని ఇక్కడికి పంపు, కౌంటర్ మీదే పెట్టేస్తాను. వచ్చిన ధరకి అమ్మేయ్, నాకేం పట్టింపు లేదు. రావడం మాత్రం రాను. రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా రాను. ఫోన్ చేసినవాళ్ళందరికీ మేనేజరు ఉండదని నువ్వే తిరిగి చెప్పుకో. అది తెలిశాక ఎవరూ కొనకపోతే, ఇన్నాళ్ళూ నువ్వు దేన్ని చూసి గొప్పలు చెప్పుకున్నావో అప్పుడైనా తెలుస్తుంది.

ఇక్కడివాళ్ళు మర్యాదస్తులేం కాదు. సబ్బుల కంపెనీవాళ్ళు గోడలకి సబ్బు రాస్తారు. నిన్న ఒకడు దిండు సంచీలో పెట్టుకుని పోతుంటే పట్టుకున్నాను, తన దిండే అని వాదించాడు. తెల్లబూట్లాయన రోజుకోసారి వచ్చి కౌంటర్ని కణుపులతో కొట్టి చూసి వెళ్తాడు. నేను ఎవర్నీ వదలట్లేదు, అందర్నీ తిడుతున్నాను. కానీ కూర్చుని తిడుతున్నాను. సాయంత్రం కాగానే తాళాలు ఇంకొకరికిచ్చి నా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటున్నాను. ఎవరూ తట్టరు. మొదటి రెండు రోజులు ఎవరైనా తడతారేమోనని మంచం అంచున కూర్చునే ఉన్నాను. మూడోరోజు కాళ్ళు చాపుకున్నాను. గోడ తగల్లేదు.

ఇక్కడ నన్ను పేరు పెట్టి, గారు చేర్చి పిలుస్తారు. చేరిన రోజు వాసనావిడ వెనకనుంచి అలా పిలిస్తే, ఎవర్నో అనుకుని నేను కూడా అటూ ఇటూ చూశాను. పెద్దాళ్ళు పోయాక ఆ పేరుతో నన్ను ఎవరూ పిలవలేదురా. నువ్వైతే ఎప్పుడూ పిలవలేదు.

ఇంకోసారి ఉత్తరం రాస్తే కవరు మీద ఆ పేరు రాయి, లేకపోతే నాకు చేరదు. గుర్తు రాకపోతే నీ పొలం కాగితాలు తీసి చూడు. తూర్పు హద్దు ఎవరిదని రాసి ఉంటుందో అది నా పేరు.